తిరుగు కాసు

పోయిన నెల ఒక సభలో నేను మాట్లాడి కూర్చున్నాక వెనక వరసలోంచి ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ల నాన్న చిన్నతనంలో మేకుతో తన పేరు మొదటి అక్షరం గీసుకున్న రాగి సెంటు బిళ్ల ఒకటి, ఆయన పోయిన ఏడాదికి, సరిగ్గా తద్దినం నాడే, బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లరలో ఇతనికి దొరికిందట. "దీన్ని మీ హేతువాదం ఏమంటుంది?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మనది చిన్న దీవి. చుట్టూ సముద్రం. ఇక్కడి రాగి బిళ్ల పై దేశాల్లో చెల్లదు కనుక ఓడెక్కదు. ఇక్కడిక్కడే చేతులు మారుతూ ఉంటుంది. అలా తిరిగే లక్షల బిళ్లల్లో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు తెలిసిన చేతికే వస్తుంది. వచ్చిన ఒక్కదాన్నీ తలుచుకుంటాం. రానివాటిని ఎవరు తలుచుకుంటారు? ఇందులో దేవుడికి పనేముంది? అని అడిగాను. చప్పట్లు కొట్టారు. కుర్రవాడు కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక సిగ్గేసింది. నేను చెప్పినది అబద్ధం కాదు, కానీ అందులో సగమే ఉంది. కాసుకు కాళ్లు లేవు. ఎవరో ఇస్తేనే ఎవరికో చేరుతుంది. వింత జరిగిందని నలుగురూ దండం పెడుతున్నప్పుడు, ఇచ్చినవాడు ఎవడు, ఇచ్చి ఏం మిగుల్చుకున్నాడు అని కూడా అడగాలి. ఆ రెండో సగం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మా ఇంటి వసారాలో నేర్చుకున్నాను.

మా తాత చెరకు తోటలో సర్దారు, కూలీల మీద మేస్త్రీ. తోటలో కూలీల ఇళ్లన్నీ గడ్డికప్పులు. మా ఒక్క ఇంటికే రేకులు. వాన కురిస్తే ఆ రేకుల మోతలో మాకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, అదే మాకు గొప్ప. కోతల కాలమంతా మిల్లు నుంచి కాగే పానకం వాసన వచ్చేది. మొదటి వారం నోరూరేది, తర్వాత తర్వాత మొహం మొత్తేది. నాయనమ్మ ఆ వాసన విరగడానికి ఎండుచేప కాల్చేది. ఉడికించిన మానియోక్, అంటే కర్రపెండలం దుంపల మీద ఉప్పూ మిరపకాయా నూరి వేసుకుని, పక్కన ఆ చేప ముక్క పెట్టుకుని తినేవాళ్లం. ఇవాళ ఏ హోటల్లో కూర్చున్నా నాకు ఆ రుచి దొరకదు. దొరికితే తినగలనా అన్నది వేరే సంగతి.

శుక్రవారం సాయంత్రం వసారాలో చిల్లర పని. తోట ఆఫీసు కూలీల డబ్బంతా తాతకు వెండి రూపాయల్లోనూ నోట్లలోనూ ఇచ్చేది. దాన్ని చిల్లరగా మార్చి శనివారం తన ముఠాకు పంచడం సర్దారు పని. ఆ చిల్లర కాగితంలో గట్టిగా చుట్టిన కడ్డీలుగా వచ్చేది. మేం రూలోలు అనేవాళ్లం. తాత రూలోను గుమ్మం అంచుకేసి కొడితే కాగితం చిట్లి, రాగి బిళ్లలు చేటలో జలజల రాలేవి. అరిగినవి, చెల్లనివి, ఇండియా పైసలు ఏరి పక్కన పెట్టి, మిగతావాటిని మళ్లీ పాత పత్రికల్లో చుట్టాలి. నాయనమ్మా నేనూ ఆ పని చేసేవాళ్లం. రాణి బొమ్మవి ఒక కుప్ప, రాజు బొమ్మవి ఒక కుప్ప. అలా వేరుచెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. రాణినీ రాజునీ ఒకే కాగితంలో చుట్టడం బాగుండదని నేనే అనుకున్నాను.

"ఓసి గుంటా, ఆళ్లు మొగుడూ పెళ్లాలు కాదే, అత్తా మనవడూను!" అని నవ్వేది నాయనమ్మ. ఆవిడకీ చుట్టరికం సరిగ్గా తెలీదు.

ఆ బిళ్లల్లో కొన్నింటి అంచులకు పసుపు అంటి ఉండేది. ఒకటీ అరా కాదు, ప్రతి వారం. పని అయ్యాక నా వేళ్లు రాగి వాసనా పసుపు వాసనా కలిసి వచ్చేవి.

"పసుపేటి నాయనమ్మా వీటికి?"

"దుకాణం చీనావోడు పసుపు కొలిసిన సేత్తోనే సిల్లర ఇస్తాడు. సుబ్రం లేదు ఆడికి."

మంచి కారణమే. నేను నమ్మాను. నమ్మి ఊరుకోక, నూనెకు వెళ్లినప్పుడు ఆ దుకాణదారును నిలదీశాను. చేతులు కడుక్కోవచ్చు కదా అన్నాను. ఆయన తన రెండు అరచేతులూ నా మొహం ముందు పెట్టాడు.

"మో లామే ప్రోప్, తిఫీ! సఫ్రాన్ లాబా, కాస్ ఇసి!"

నా చేతులు శుభ్రమే పిల్లా, పసుపు అక్కడ, డబ్బు ఇక్కడ అని. నిజమే. పసుపు ఆ చివర డబ్బాలో పొట్లాలు కట్టి ఉంది. డబ్బు సొరుగు ఈ చివర. క్రియోల్ వాళ్లు డబ్బుని కాస్ అంటారు, మేం కాసు అంటాం. ఈ మాట మన దగ్గరే నేర్చుకున్నార్రా అని గర్వపడుతూ ఇంటికి వచ్చేశాను. అడగవలసిన ప్రశ్న దారిలో ఎక్కడో జారిపోయింది.

మా ఇంట్లో దీపం దగ్గర ఆకుపచ్చ రంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. ముడుపుల పెట్టె. మా వాళ్ల ముందుతరం విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు. సముద్రం దాటి వచ్చినా సింహాద్రి అప్పన్నను వదల్లేదు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, ఆవు ఈనకపోయినా, ఒక కాసుకు పసుపు పూసి, పసుపుగుడ్డలో పెట్టి, మూడు ముళ్లు వేసి, మొక్కుకుని మా తాత చేతికిచ్చేవాళ్లు. నమ్మకమైన మనిషి ఎవరైనా తిరుగు ఓడెక్కి దేశం వెళ్లేటప్పుడు వాటన్నింటినీ సింహాచలం పంపిస్తానని తాత మాట ఇచ్చాడు. దేశంలో ఈ రాగి చెల్లదుగా అని ఎవరికీ తోచలేదు. తోచినా, దేవుడి దగ్గర చెల్లుతుందని అనుకుని ఉంటారు. ఒక రోజు మానితే తోటలో రెండు రోజుల కూలీ కోస్తారని తెలిసీ పని మానుకుని, స్నానం చేసి, పెట్టె దగ్గరికి వచ్చినవాళ్లను నేను చూశాను.

నేనూ ఒక ముడుపు కట్టాను. రాణి బొమ్మకు మేకుతో మీసాలు గీశాను. మెలి తిరిగిన మీసాలు, మా తాతకున్నట్టు. గీశాక భయం వేసింది. దొరలు చూస్తే జైల్లో పెడతారని చిన్నాన్న బెదిరించాడు. అందుకని ఆ కాసును గుడ్డలో కట్టి, నాకు జైలు తప్పించమని అప్పన్నకు మొక్కుకుని పెట్టెలో వేశాను. నేరం సముద్రం దాటిపోయిందని హాయిగా నిద్రపోయాను.

కొన్నాళ్లకు ఒక శుక్రవారం రూలో చిట్లింది. చేటలో నా మీసాల రాణి నన్నే చూస్తోంది.

నేను కెవ్వుమన్నాను. తాత చేట మీదికి వంగాడు. బిళ్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కళ్లకద్దుకున్నాడు.

"స్వామి నీ ముడుపు పుచ్చుకుని పెసాదంగా తిప్పి పంపించినాడే, అమ్మీ! ఎంత పున్నెమో నీది!"

రాత్రికి కూలీల క్యాంపంతా మా వసారాలో ఉంది. ఆడవాళ్లు ఆ కాసుకు దండం పెట్టి, తర్వాత నా నెత్తి మీద చెయ్యి వేశారు. నాయనమ్మ పరమాన్నం వండింది. ఆవిడ మాత్రం గరిట పట్టుకుని పొయ్యి దగ్గరే ఉండిపోయింది. నేను మాత్రం ఆ కాసును నుదుటి మీద ఉమ్మితో అంటించుకుని ఇల్లంతా తిరిగాను.

ఆ రోజు దండం పెట్టినవాళ్లలో గంపత్త ఉంది. నెత్తి మీద ఎప్పుడూ ఆకుకూరల గంప ఉండేది కనుక పిల్లలం అలా పిలిచేవాళ్లం. మొగుడు పోయాడు. ఉన్న ఒక్క కొడుకూ పళ్లు వచ్చే వయసులో జ్వరంతో పోయాడు. తర్వాత కొన్నేళ్లకు, చెరకు బళ్లు తోలే ఒక క్రియోల్ మనిషి ఇంట్లో కాపురం పెట్టింది. అతనిది చర్చి మతం. మా వాళ్లు ఆమె దగ్గర కూరలు కొనేవాళ్లు గాని ఆమె ఇంట్లో నీళ్లు తాగేవాళ్లు కాదు. భజన పెట్టినప్పుడు మాత్రం ఆమె లేకపోతే జరిగేది కాదు. ఆమె గొంతు అలాంటిది. దీపం చుట్టూ తిరుగుతూ ఆమె ఎత్తుకుంటే మగవాళ్లు తాళం వేస్తూ వెంట పడేవాళ్లు. అదొక్కటే ఆమెకు మా వాళ్లలో మిగిలిన చోటు.

ఆ కోతల్లో బండి చక్రం ఎక్కి ఆ మనిషి మోకాలు నుజ్జయింది. గంపత్త ముడుపు కట్టింది. చనిపోయిన కొడుకు మొలతాడుకు ఒక చిల్లి కాసు ఉండేది. అది తప్ప ఆ పిల్లవాడి గుర్తు ఇంకేదీ ఆమె దగ్గర లేదు. అదే కట్టి ఇచ్చింది. "ఇంతకంటే పెద్దది నా కాడ లేదు బాబూ" అంది తాతతో.

శనివారం. కూలీలు వసారా ముందు వరసగా నిలబడ్డారు. కోతల హడావుడిలో ఆ వారం ఏరకుండానే తాత రూలోలు విప్పి పంచుతున్నాడు. ఒక ముసలి కూలీ తన వాటా లెక్క చూసుకుని వెనక్కి వచ్చాడు.

"సర్దారు బాబూ, ఇది సిల్లిది. చీనావోడి బుతిక్‌లో పుచ్చుకోరు. మార్సీండి."

తాత చెయ్యి చాచేలోపు పక్కనున్న ఆడమనిషి తొంగి చూసింది.

"ఓలమ్మ! ఇది గంపత్త గుంటడి మొలతాడుది కాదేటి?"

ఆ కాసు చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్లి వచ్చింది. తాత తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. నేను ఆయన మోకాలికి ఆనుకుని కూర్చున్నాను. ఆయన కాసును లాక్కుని గుప్పిట బిగించాడు. అది కోపం అనుకున్నాను.

"సూసినారా?" అన్నాడు. "స్వామి తిప్పికొట్టినాడు. కిరస్తానోడి కాపురం సేస్తన్న దాని ముడుపు ఆయనెలాగ పుచ్చుకుంటాడు? ఇది తిరుగు కాసు."

తిరుగు కాసు. ఆ మాట అంతకుముందు మా క్యాంపులో లేదు. ఆ నిమిషంలో పుట్టింది. పుట్టడంతోనే అందరి నోళ్లలోనూ ఉంది.

గంపత్త వరస వెనకనుంచి గంపతోనే వచ్చింది. సంగతి విని గంప దించింది. మొదట అడిగింది ఒక్కటే.

"అయితే ఆడింక నడవడా బాబూ?"

తాత మళ్లీ రూలో అందుకున్నాడు. నేను అడిగాను. ధైర్యంతో కాదు, నిజంగానే అర్థంకాక అడిగాను.

"తాతా, నాది తిరిగొస్తే పెసాదం అన్నావు గదా. అత్తది తిరిగొస్తే తిరుగు కాసు ఎలాగయింది?"

తాత పెద్దగా నవ్వాడు. "లాయరమ్మ పుట్టింది నా ఇంట!" అన్నాడు. ఆయన నవ్వితే ముఠా అంతా నవ్వాలి. నవ్వారు. గంపత్త కూడా నవ్వబోయింది. ఆ నవ్వు రాక మూతి వంకరపోవడం నేను చూశాను. నాయనమ్మ చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"దేముడు కాదంటే కాదన్నాడు. నా కాసు నాకిచ్చీండి బాబూ. నా బిడ్డది."

"తిరుగు కాసు ఇంట్లో ఉండకూడదు. నీళ్లలో కలపాల" అన్నాడు తాత. అందరూ చూస్తుండగా నడిచి వెళ్లి, మిల్లు మురుగు పారే కాలువలో దాన్ని విసిరేశాడు. రుజువును పారేస్తున్నాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఎంత దూరం విసిరాడో అని మురిసిపోయాను.

ఆ వారం భజనకు ఆమెను దీపం దగ్గరికి రానివ్వలేదు. గుమ్మం బయట నిలబడింది. ఎత్తుకునే గొంతు లేక పాట మధ్యమధ్యలో ఆగిపోతూ ఉంటే, బయటినుంచి అందుకోబోయింది. "దేముడే వద్దన్న దాని పాట మనకెందుకు" అన్నారు ఎవరో. తర్వాత ఆమె దగ్గర కూరలు కొనడం కూడా మానేశారు. పది రోజులు తిరక్కుండానే బండి మీద ఆ మనిషిని పడుకోబెట్టుకుని సముద్రం ఒడ్డున మహేబోర్గ్ ఊరి వైపు వెళ్లిపోయింది.

ఆ చలికాలం తాత ఎగువ ఊరు నువెల్ ఫ్రాన్స్‌లో చెరకు నేల కొన్నాడు. మేం అక్కడికి మారాం. ఎత్తు ప్రాంతం, ఎప్పుడూ ముసురు, చలి. నాయనమ్మ పిల్లలందరికీ బొంతలు కుట్టింది. చిన్న చిన్న పసుపు చదరాలు అతికి. "ఈ గుడ్డలు ఎక్కడివే?" అంటే "పూజవి. పారెయ్యకూడదు" అంది. వాటి కింద వెచ్చగా పడుకుని నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఆ నేల పంటతో బడికి వెళ్లాను, టీచరునయ్యాను, వాదించడం నేర్చుకున్నాను.

తాత పోయాక కొన్నేళ్లకు నాన్నకీ చిన్నాన్నకీ ఆ నేల దగ్గర తగువు వచ్చింది. వీధిలో కాదు, అన్నం దగ్గర. నాన్న తన కష్టం గురించి ఏదో అన్నాడు. చిన్నాన్న కంచం తోసేశాడు.

"ఎవుడి కష్టం? ఆఫీసు ఇచ్చిన వెండి దాసుకుని, కూలోళ్లకి ఆళ్లు కట్టిన ముడుపులే విప్పి జీతాలిచ్చినాడు మన నాయన. ఆ వెండితో కొన్న నేలకి నీ కష్టమేటి, నా కష్టమేటి?"

నేను నాన్న మొహం వైపు చూశాను, కాదంటాడని. కాదనలేదు. అమ్మ వైపు చూశాను. పులుసు వడ్డిస్తోంది. నాయనమ్మ చారు పోసుకుంది. నాకు తప్ప అందరికీ తెలుసు. దేవుడికి ఇచ్చిన డబ్బునే జీతమని పుచ్చుకుని, పసుపు కనపడితే కళ్లకద్దుకుని, అదే డబ్బు మళ్లీ ముడుపు కట్టి మా పెట్టెలో వేసిన ఆ మనుషులందరూ నా కళ్ల ముందు వరసగా నిలబడ్డారు. అప్పటికే నేను నాలుగు సభల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చి ఉన్నాను. మూఢులని ఎవరిని తిట్టానో ఆలోచించండి. కొంతసేపటికి చిన్నాన్న కంచం దగ్గరికి లాక్కున్నాడు. అందరూ తలవంచుకుని తిన్నారు. నేనూ తిన్నాను.

మహేబోర్గ్‌లో సోమవారం సంత. ఆ సోమవారమే సెలవు పెట్టి రైలెక్కాను. గంపత్తను వెతకడం కష్టం కాలేదు. కూరల వరసలో గొంతు వినపడింది. జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి, గొంతు అదే. ఆమె వెనక ఒక ముసలాయన ఒక కాలు ఈడ్చుకుంటూ గోనెలు సర్దుతున్నాడు. నడుస్తున్నాడు.

ములగాకు నాలుగు కట్టలు అడిగి, నేనెవరో చెప్పాను.

"ఓలమ్మ, మీసాల రాణి గుంటవా! ఇంత పొడుగయ్యావేటే! టీచరమ్మవా? ఇగో సూడు, ఆడే. దేముడు కాదన్నా నడిసీనాడు మొండోడు."

"అత్తా, దేముడు కాదన్లేదు." గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "నీ కాసు సింహాచలం వెళ్లలేదు. ఎవరివీ వెళ్లలేదు. తాత విప్పి జీతాల్లో కలిపేశాడు."

ఆమె తేలికపడుతుందనుకున్నాను. నిజం చెబితే మనిషి మీద బరువు దిగిపోతుందని నేను సభల్లో చెబుతూ ఉండేదాన్ని. ఆమె చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది.

"అప్పన్న కాదన్లేదా?"

"ఆయన దాకా వెళ్తే కదా."

"దేముడు కాదన్నాడని ఊరుకున్నానే" అంది నెమ్మదిగా. "ఆయనతో ఏటి తగువు పెట్టుకుంటాం? పాట కూడా మానీసినాను. నా గొంతు ఆయనకి పడదు గావాలనుకున్నాను. మీ తాతే అని తెలిస్తే ఊరుకుందునా? ఉన్నాడా?"

"పోయాడు."

"సూసినావా, తిట్టడానికి కూడా మిగల్లేదు ముసిలోడు."

అని, తిట్టడం మొదలుపెట్టింది. "వోలేర్! ముసిలి దొంగా! నీ మూతి కాల! నువ్వు కొన్న నేల బీడయిపోను! నా బిడ్డ కాసు మురిక్కాలవలో ఏసిన సెయ్యి పురుగులు పట్టిపోను!" తెలుగులో తిట్టింది, అది చాలక క్రియోల్‌లో తిట్టింది. సంతలో వాళ్లు బేరాలాపి చూశారు. ముసలాయన కుంటుకుంటూ వచ్చి భుజం పట్టుకుంటే విదిలించుకుంది. నేను కదల్లేదు. ఆమె తిడుతున్న నేల మీద పండిన తిండి తిని పెరిగినదాన్ని. ఆ తిట్లకు అక్కడ ఇంకెవరు నిలబడాలి?

ఆయాసం వచ్చి ఆగింది. మూతి తుడుచుకుంది.

"మీ ఇంట ఇంకా ఎవులున్నారు?"

"అందరం ఉన్నాం. నేను కూడా."

నా వైపు తేరిపార చూసింది. నాలుగు కట్టలు నా సంచిలో వేసి డబ్బు పుచ్చుకుంది. చేతి అలవాటు కొద్దీ ఇంకో కట్ట కొసరు వేసింది. వేశాక ఆగి, సంచిలో చెయ్యి పెట్టి, ఆ కట్ట వెతికి వెనక్కి తీసుకుంది. కుప్ప మీద పెట్టి నీళ్లు చల్లింది. తర్వాత నా వెనకనున్న మనిషిని ఏం కావాలని అడిగింది.